బోటుకు వేగం కావాలంటే: పాత ఇంజనును విప్పాలా, బలం పెంచాలా, మార్చేయాలా?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులు దగ్గరపడుతున్నాయంటే విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో బోటు యజమానులందరిదీ ఒకటే తర్జనభర్జన. ఉన్న ఇంజనుకే పూర్తి మరమ్మతు చేయించాలా, దాని బలం పెంచే పని చేయించాలా, లేక దాన్ని దించేసి పెద్దది ఎక్కించాలా? పక్క బోటు ముందే రేవు చేరి సరుకును మంచి ధరకు అమ్ముకుంటూ, మన బోటు నల్లపొగ చిమ్ముతూ వెనకబడుతుంటే ఎవరికైనా ఈ ఆలోచన రాక మానదు. ఏది ఎంచుకున్నా ఖర్చు లక్షల్లోనే ఉంటుంది కాబట్టి తొందరపడకుండా లెక్క చూసుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వెనక వల లాగుతూ వేటాడే 12, 13 మీటర్ల ట్రాలర్లకు, అంటే మన రేవుల్లో సోనా బోట్లు అని పిలిచే కోవకు చెందినవాటికి, కేవలం వేగం కోసం హార్స్ పవర్ కొనడం డబ్బును నీళ్ళలో పోయడమే. పాతబడి పోయిన బలాన్ని తిరిగి రాబట్టుకోవడానికి, ఉన్న బలం వృథా కాకుండా ప్రొపెల్లర్‌కు అందించడానికి పెట్టే ఖర్చు మాత్రం తప్పక తిరిగి వస్తుంది. వల లాగడానికి బలం చాలడం లేదంటే అది వేరే లెక్క. దాని సంగతి తర్వాత చెబుతాను.

వేగానికి హద్దు ఇంజను దగ్గర లేదు

ట్రాలరు నీటి మీద తేలుతూ జారిపోయే స్పీడు బోటు కాదు. నీటిని పక్కకు నెట్టుకుంటూ పోతుంది. అలా పోయేటప్పుడు ముక్కు దగ్గర ఒక అల, వెనక ఒక అల లేస్తాయి. వేగం పెరిగే కొద్దీ ఆ రెంటి మధ్య దూరం పెరుగుతూ, చివరికి బోటు పొడవుతో సమానమవుతుంది. అక్కడి నుంచి బోటు తాను లేపిన అలనే ఎక్కాల్సి వస్తుంది. ముక్కు పైకి లేస్తుంది, వెనక భాగం కుంగుతుంది, ఇంజను ఎంత అరిచినా వేగం పెరగదు.

ఆ హద్దును లెక్కగట్టడం తేలిక. నీటి గీత దగ్గర బోటు పొడవును అడుగుల్లో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వచ్చేది నాట్లలో వేగం. 43 అడుగుల బోటుకు నీటి గీత పొడవు 38 అడుగులు ఉందనుకుంటే 8.26 నాట్లు వస్తుంది, అంటే గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. మీ బోటు ఇప్పటికే 8 నాట్లు పోతుంటే, అది పోగలిగినంత వేగంతోనే పోతోందని అర్థం.

అయినా ఇంకొంచెం కావాలంటే ఎంత ఖర్చవుతుందో చూడండి. బోటును నెట్టడానికి కావలసిన బలం సుమారుగా వేగం ఘనంతో పాటు పెరుగుతుంది, హద్దు దగ్గర అంతకంటే నిటారుగా పెరుగుతుంది. 8 నాట్లకు 100 హార్స్ పవర్ పడుతుంటే 9 నాట్లకు ఘనం లెక్కనే 142 కావాలి, వాస్తవంలో 150 దాటుతుంది. పాత తరహా డీజిల్ ఇంజను ఒక హార్స్ పవర్‌కు గంటకు సుమారు 0.2 లీటరు తాగుతుంది. 40 నాటికల్ మైళ్ళ దూరంలోని వేట ప్రాంతానికి 8 నాట్ల వేగంతో 5 గంటల్లో, గంటకు 20 లీటర్ల చొప్పున 100 లీటర్లతో వెళతారు. 9 నాట్లతో అయితే 4 గంటల 27 నిమిషాల్లో, గంటకు 30 లీటర్ల చొప్పున 133 లీటర్లతో వెళతారు. మిగిలిన సమయం 33 నిమిషాలు, అదనంగా కాలిన డీజిల్ 33 లీటర్లు. నిమిషానికి లీటరు! తిరుగు ప్రయాణంలో మళ్ళీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో మత్స్యకారుల డీజిల్‌కు లీటరుకు 9 రూపాయల సబ్సిడీ ఉన్నా దానికి నెలవారీ పరిమితి ఉంది. ఆ పరిమితి దాటాక పోసే ప్రతి లీటరుకూ పూర్తి ధర కట్టాల్సిందే.

ఐసు కరిగిపోయే దూరం, వేలం సమయం, ఎగుమతి రకం రొయ్య పడే కాలం, ఇలాంటి కారణాలతో ఆ అరగంటకు నిజంగా విలువ ఉన్న యజమానులు కొందరుంటారు. వారు తమ లెక్క తాము చూసుకోవచ్చు. చాలామందికి మాత్రం 8 నాట్లు పోవలసిన బోటు 6.5 దగ్గరే ఆగిపోవడమే అసలు బాధ. దానికి పెద్ద ఇంజను మందు కాదు.

ఏదైనా విప్పే ముందు ఒక పరీక్ష

నిషేధం మొదలయ్యాక కాదు, మార్చిలోనే ఈ పని చేయాలి. ఏప్రిల్ చివరికల్లా లేత్ షాపుల ముందు వరుస కడతారు, డీజిల్ పంపు కాలిబ్రేషన్‌కు, అంటే మోతాదు సరిచూసే పనికి, వారాలు పడుతుంది, బోటును ఒడ్డుకు లాగడానికి వంతు రాదు. ముందే జబ్బు తెలిస్తే సామాను ముందే తెప్పించుకోవచ్చు.

మామూలుగా వేటకు పోయేంత బరువుతో, అంటే ఐసు, డీజిల్, వలలు, కళాసీలతో సహా, అలలు తక్కువగా ఉన్న ఉదయం బయటికి వెళ్ళండి. ఇంజను వేడెక్కాక యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి 5 నిమిషాలు తిన్నగా నడిపి, జీపీఎస్‌లో వేగం, మీటరులో ఆర్‌పీఎమ్ (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) రాసుకోండి. వెంటనే వెనక్కి తిరిగి అదే దారిలో మళ్ళీ నడపండి. మన తీరంలో నీటి వాలు గట్టిగానే ఉంటుంది కాబట్టి ఒకవైపు అంకె చూసి మోసపోకూడదు. రెండింటి సగటే మీ వేగం. సాధారణ మీటర్లు పాతబడితే తప్పు చూపిస్తాయి, కాబట్టి మెకానిక్ దగ్గర చేతిలో పట్టుకుని కొలిచే డిజిటల్ టాకోమీటర్ ఉంటే దాంతో ఫ్లైవీల్ దగ్గర సరిచూడండి.

ఇంజను తన పలక మీద రాసిన ఆర్‌పీఎమ్‌ను అందుకుంటోందా లేదా అన్నదే ఇక్కడ చూడాల్సింది. 1,800 రావలసిన చోట 1,550 దగ్గరే ఆగి నల్లపొగ వస్తోందంటే కారణం రెంటిలో ఒకటి: ఇంజను బలహీనపడింది, లేదా దాని మీద భారం ఎక్కువైంది. కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్లలో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో కొలిచే పరీక్ష, చేస్తే ఆ రెంటిలో ఏదన్నది తేలిపోతుంది. అన్ని సిలిండర్లూ సరిగ్గా ఉంటే ప్రొపెల్లర్ పెద్దదో, అడుగున నాచూ గుల్లలూ పట్టాయో, గాలి చాలడం లేదో చూడాలి. కంప్రెషన్ పడిపోయి, ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున ఆవిరి కొడుతూ, నీలిపొగ కూడా వస్తుంటే రింగులూ లైనర్లూ అరిగాయన్నమాట. ఇంజను ఏ కష్టమూ లేకుండా 1,800 దాటిపోతూ బోటు మాత్రం నెమ్మదిగా ఉంటే ప్రొపెల్లర్ చిన్నది, ఉన్న బలాన్ని నీటిలోకి దింపలేకపోతోంది.

ఇంజను గది గాలిని చాలామంది పట్టించుకోరు. మూసిన క్యాబిన్ కింద వేడిగాలి పీల్చే ఇంజను బలం తగ్గుతుంది, ప్రతి 5 నుంచి 6 డిగ్రీల వేడికి సుమారు 1 శాతం చొప్పున. రెండు గాలి గొట్టాలు పెట్టించడం, ఎయిర్ ఫిల్టర్ మార్చడం, మసి పట్టి ఇరుకైన సైలెన్సర్ గొట్టాన్ని శుభ్రం చేయడం చాలా తక్కువ ఖర్చుతో అయిపోయే పనులు. వీటి తర్వాతే మిగతా మాట.

పూర్తి ఓవర్‌హాలింగ్: మంచి బేరం, సరిగ్గా చేస్తేనే

కంప్రెషన్ పోయిన ఇంజనుకు ఇదే, అంటే ఇంజనంతా విప్పి అరిగిన భాగాలు మార్చడమే, సరైన దారి. ఒక భ్రమ మాత్రం తొలగించుకోవాలి. బోరు (సిలిండరు లోపలి వ్యాసం) పెద్దది చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తే బలం పెరుగుతుందని మెకానిక్‌లు చెబుతుంటారు. 100 మిల్లీమీటర్ల బోరును అర మిల్లీమీటరు పెంచితే ఇంజను ఘనపరిమాణం పెరిగేది 1 శాతం. అది తెలియను కూడా తెలియదు. ఓవర్‌హాలింగ్ కొత్త బలాన్ని ఇవ్వదు, మీరు ఏళ్ళ తరబడి పోగొట్టుకున్న బలాన్ని తిరిగి ఇస్తుంది. అది తక్కువేమీ కాదు.

పని ఎలా జరుగుతోందో పక్కన నిలబడి చూడండి. క్రాంక్ షాఫ్ట్ జర్నల్‌ను, అంటే బేరింగులో తిరిగే భాగాన్ని, మైక్రోమీటర్‌తో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవాలి. రెండు అంకెలకూ తేడా ఉంటే అది గుండ్రం తప్పిందని అర్థం. అప్పుడు 0.25 మిల్లీమీటర్ల చొప్పున గ్రైండింగ్ చేయించి ఆ సైజు బేరింగులే వేయాలి. వేలితో తడిమి ‘బాగానే ఉంది’ అనే మెకానిక్‌కు ఈ పని అప్పగించకండి. రింగును ఖాళీ లైనర్‌లోకి దించి, దాని రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో, అంటే సందు కొలిచే పలుచని రేకులతో, చూడాలి. 100 మిల్లీమీటర్ల బోరుకు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు సాధారణం, మీ ఇంజను మాన్యువల్‌లోని అంకే అంతిమం. సందు లేకపోతే వేడికి రింగు వ్యాకోచించి లైనర్‌ను గీకేస్తుంది. డీజిల్ చిమ్మే నాజిళ్ళను ఒత్తిడి పరీక్షకు, ఫ్యూయల్ పంపును కాలిబ్రేషన్ బెంచికి పంపకుండా చేసిన ఓవర్‌హాలింగ్ సగం పనే. అన్ని సిలిండర్లకూ సమానంగా డీజిల్ అందకపోతే కొత్త పిస్టన్లు కూడా ఒక ఏడాదిలోనే పాతవవుతాయి.

దించిన ఇంజనును మళ్ళీ కూర్చోబెట్టేటప్పుడు గేర్ బాక్స్ కప్లింగ్, షాఫ్ట్ కప్లింగ్ ముఖాముఖిగా సరితూగాలి. ఈ అమరికను ఒడ్డు మీద సరిచేసి వదిలేయడం మన రేవుల్లో తరచూ కనిపించే పొరపాటు. చెక్క బోటు ఒడ్డున దుంగల మీద కూర్చున్నప్పుడు ఒక ఆకారంలో, నీటిలో తేలినప్పుడు మరో ఆకారంలో ఉంటుంది. నీటిలోకి దించి ఒకటి రెండు రోజులు ఆగాక, కప్లింగ్ చుట్టూ నాలుగు చోట్ల ఫీలర్ గేజ్ పెట్టి చూసి అప్పుడే బోల్టులు బిగించాలి. ఇది తప్పితే వణుకు మొదలవుతుంది, బుష్ అరుగుతుంది, కొంత బలం అక్కడే వేడిగా పోతుంది.

కొత్త రింగులు వేసిన ఇంజనును గంటల తరబడి నిదానంగా ఖాళీగా తిప్పితే రింగులు సరిగ్గా కూర్చోవు. మొదటి కొన్ని గంటలు సగం నుంచి ముప్పావు భారం మీద, ఆర్‌పీఎమ్ మారుస్తూ నడపాలి. 50 గంటలకు ఆయిల్, ఫిల్టర్ మార్చాలి.

పంపు తిప్పి బలం పెంచడం

ఇది అన్నిటికంటే చౌక, అన్నిటికంటే ప్రమాదం. పంపులో డీజిల్ మోతాదు పెంచితే మొదటి వారం బోటు నిజంగానే చురుగ్గా కదులుతుంది. గాలి మాత్రం పాతదే. అదనపు డీజిల్ పూర్తిగా కాలక నల్లపొగగా పోతుంది, పొగ గొట్టం వేడి పెరుగుతుంది, పిస్టన్ తల కరగడం, హెడ్ పగలడం మొదలవుతుంది. ఇంజను హద్దు మీరి తిరగకుండా ఆపే గవర్నర్ సీలు తెంచి ఆర్‌పీఎమ్ పెంచడమూ ఇలాంటిదే. ఆర్‌పీఎమ్ 10 శాతం పెరిగితే కనెక్టింగ్ రాడ్ మీద, దాని బోల్టుల మీద పడే లాగుడు 21 శాతం పెరుగుతుంది. తీరానికి 40 మైళ్ళ దూరంలో రాడ్ విరిగి బ్లాకు పగిలితే పోయేది ఇంజను ఒక్కటే కాదు. తుపాను హెచ్చరికల కాలంలో బోటులో ఉన్నవారి ప్రాణాలు ఆ ఇంజను మీదే ఆధారపడి ఉంటాయి. ఈ దారిని నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బోను విడిగా కొని బిగించడం దీనికి కాస్త మేలైన రూపం, ఎందుకంటే గాలి కూడా పెరుగుతుంది. కానీ టర్బో కోసమే తయారైన ఇంజనులో పిస్టన్ల కిందికి ఆయిల్ చిమ్మే జెట్లు, తగ్గించిన కంప్రెషన్, గట్టి గాస్కెట్, గాలిని చల్లబరిచే కూలరు ఉంటాయి. మామూలు ఇంజనుకు ఇవి లేవు. టర్బో బలం కావాలంటే ఆ కంపెనీవారే తయారుచేసిన టర్బో మెరైన్ ఇంజను కొనడం మేలు.

పెద్ద ఇంజను ఎక్కించడం

వల లాగే పడవకు ఇది అర్థవంతమే. ట్రాల్ వల లాగేటప్పుడు వేగం 2, 3 నాట్లే ఉంటుంది, అక్కడ అలల హద్దుతో పని లేదు, లాగే బలమే ముఖ్యం. లోతు నీటికి మారారు, పెద్ద వల వేశారు, ఆరోగ్యంగా ఉన్న ఇంజను కూడా నల్లపొగతో మూలుగుతోందంటే పెద్దది అవసరమే. అయినా ఒకసారి కార్ట్ నాజిల్ గురించి కూడా ఆలోచించండి. ప్రొపెల్లర్ చుట్టూ బిగించే ఈ ఉక్కు వలయం, సరిగ్గా రూపొందిస్తే, నెమ్మదిగా లాగేటప్పుడు తోపుడు బలాన్ని 20 నుంచి 30 శాతం వరకు పెంచగలదు. ఖాళీ ప్రయాణంలో వేగం పెరగదు, కాస్త తగ్గవచ్చు కూడా. రోజులో ఎక్కువ గంటలు వల లాగే బోటుకు ఆ మార్పిడి లాభమే.

పెద్ద ఇంజను కొంటే దానితో పాటు ఏమేం మారాలో ముందే రాసుకోండి: గేర్ బాక్స్, షాఫ్ట్ మందం, ప్రొపెల్లర్, ఇంజను కూర్చునే దిమ్మెలు, చల్లబరిచే ఏర్పాటు, డీజిల్ ట్యాంకు. 100 హార్స్ పవర్‌కు సరిపోయిన షాఫ్ట్ 160కి మెలి తిరిగిపోతుంది. ఇంజను ధర చూసి బేరం కుదిరిందనుకునేవారికి ఈ జాబితా దగ్గరే ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది.

పాత లారీ ఇంజను కొని బోటుకు మార్చుకునేవారు చాలామంది. బాగా మారిస్తే అది చెడ్డ పనేమీ కాదు, విడిభాగాలు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. కానీ లారీ పూర్తి బలంతో నడిచేది ఘాట్ రోడ్డు ఎక్కే కొద్ది నిమిషాలే. బోటు గంటల కొద్దీ ఎత్తు ఎక్కుతూనే ఉన్నట్టు లెక్క. అందుకే అదే ఇంజనుకు కంపెనీలు మెరైన్ రకంలో తక్కువ హార్స్ పవర్ రాస్తాయి. లారీ పలక మీద 160 చూసి బోటులోనూ నిరంతరం 160 వస్తుందని ఆశించకూడదు. ఉప్పునీటితో చల్లబరిచే హీట్ ఎక్స్ఛేంజర్, నీటి జాకెట్ ఉన్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, ఆయిల్ కూలరు లేకుండా ఎక్కించిన లారీ ఇంజను రెండు సీజన్లలో తుప్పుకో వేడికో బలవుతుంది.

ప్రొపెల్లర్ దగ్గరే చాలా సంగతి ఉంది

ఇంజను తాకకుండా వేగం పెరిగే చోటు ఇదొక్కటే, పైగా తక్కువ ఖర్చు. ప్రొపెల్లర్ మీద సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్, అంటే ఒక చుట్టుకు సిద్ధాంతరీత్యా ముందుకు పోయే దూరం. ఇంజను 1,800, గేరు 3:1 అయితే షాఫ్ట్ నిమిషానికి 600 సార్లు తిరుగుతుంది. పిచ్ 24 అంగుళాలైతే, 24ను 600తో గుణించి, నాట్లలోకి మార్చడానికి 1,215తో భాగిస్తే 11.9 నాట్లు. బోటు నిజంగా పోయేది 8 అయితే ఆ తేడా, అంటే జారుడు, 33 శాతం. బరువైన ట్రాలరుకు ఇది ఆరోగ్యకరమైన అంకె. 50 శాతం దాటితే రెక్కలు వంగాయో, అంచులు తినేశాయో, అడుగు పాడైందో వెతకాలి.

నెమ్మదిగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్, వేగంగా తిరిగే చిన్నదానికంటే ఎప్పుడూ తక్కువ వృథా చేస్తుంది. గేర్ బాక్స్ మార్చే అవకాశం వస్తే 2:1 నుంచి 3:1కి వెళ్ళడం, అడుగున చోటు ఉన్నంత మేర వ్యాసం పెంచడం ఇంజను మార్చడంతో పోటీపడే పని. రెక్క కొసకూ బోటు చెక్కకూ మధ్య వ్యాసంలో కనీసం 10 శాతం ఖాళీ ఉండాలి. లేకపోతే వెనక భాగమంతా దడదడలాడుతుంది. రాయి తగిలి వంగిన రెక్కను సుత్తితో కొట్టి తిన్నగా చేయించడం కాదు, అన్ని రెక్కల పిచ్ కొలిచి బ్యాలెన్స్ చేసే చోటికి తీసుకెళ్ళండి. అడుగు గీకించి నాచూ గుల్లలూ పట్టకుండా ఆపే యాంటీఫౌలింగ్ రంగు వేయించడం కూడా ఈ ఖర్చులోనే కలుపుకోండి. నాచు పట్టిన అడుగుతో ఏ ఇంజనూ పరిగెత్తదు.

ఫైబర్ బోట్లకు లెక్క వేరు

8, 9 మీటర్ల తేలికపాటి ఫైబర్ బోట్లు నీటి మీదికి కాస్త లేవగలవు, కాబట్టి వాటికి అదనపు హార్స్ పవర్ నిజంగా వేగంగా మారుతుంది. అయినా వెనక చెక్క బలం, బోటు తయారీదారు చెప్పిన గరిష్ఠ బలం చూడకుండా పెద్ద ఔట్‌బోర్డు (బోటు వెనక బయట తగిలించే ఇంజను) పెట్టకూడదు. 9.9, 15 హార్స్ పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డులు కొన్ని కంపెనీల్లో ఒకే బ్లాకు మీద వస్తాయి. తేడా కార్బురేటర్, గాలి దారుల్లో ఉంటుంది. అలాంటి మోడల్‌కు ఆ కంపెనీ అసలు భాగాలే వేసి మార్చడం తెలివైన పని. కిరోసిన్‌తో నడిచే ఇంజనుకు మాత్రం హెడ్ గీయించి కంప్రెషన్ పెంచే పని పెట్టుకోవద్దు. కిరోసిన్ ఆ ఒత్తిడిని తట్టుకోలేక ముందే పేలి పిస్టన్‌ను చిల్లు చేస్తుంది.

ఇంజను మార్చినవారు నంబరు మారిన సంగతిని మత్స్యశాఖ రిజిస్ట్రేషన్ పత్రంలోనూ బీమాలోనూ రాయించుకోవాలి. ప్రమాదం జరిగాక పత్రంలో ఒక నంబరు, ఇంజను మీద ఒక నంబరు ఉంటే పరిహారం దగ్గర చిక్కులు తప్పవు. తమిళనాడు తన చేపల బోట్ల ఇంజన్లకు 240 హార్స్ పవర్ హద్దు పెట్టింది, కాబట్టి ఆ నీళ్ళలోకి వెళ్ళే ఉద్దేశం ఉన్నవారు కొనే ముందే ఆ నిబంధన చూసుకోవాలి. కొనుగోలు రసీదు, పాత ఇంజను అమ్మిన కాగితం రెండూ ఒకే ఫైలులో పెట్టి, పరీక్ష రోజు రాసుకున్న ఆర్‌పీఎమ్, వేగం అంకెలు కూడా అందులోనే ఉంచండి. వచ్చే మార్చి పరీక్షలో వచ్చిన అంకెలను వాటితోనే పోల్చాల్సి ఉంటుంది.